ఒంటిగంటకు పోయే బొమ్మ

మా పాల్మాకులలో విమానాల మీద వేయని నింద లేదు. పాలు విరిగినా విమానమే, బర్రె తన్నినా విమానమే, దుర్గవ్వ మనవడు పదో తరగతి తప్పినా విమానమే. పక్కనే శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచి మూడేళ్ళయింది కదా, ఈపాటికి అలవాటు పడి ఉంటారని మీరనుకుంటారు. పడ్డారు, నింద వేయడానికే అలవాటు పడ్డారు. అందుకే 2011 ఎండాకాలంలో మా ఇంట్లో టీవీ బొమ్మ సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకు మాయమవడం మొదలైనప్పుడు, మా అత్త జంగమ్మ వాకిట్లోకి వెళ్ళి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూసి తీర్పు చెప్పేసింది.

"గదే, గా తెల్ల రెక్కలదే. మన బొమ్మను పట్కపోయింది."

నా పేరు శ్రీలత. పుట్టిల్లు బుద్వేల్, ఈ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్ళు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. నీళ్ళపాలు పోసినందుకు పాలవాణ్ని, బండ ఆలస్యంగా తెచ్చినందుకు గ్యాసువాణ్ని, చెప్పులతో వంటింట్లోకి వచ్చినందుకు మా ఆయన నవీన్‌కుమార్‌ని, ఎవరూ దొరకనినాడు నా చీర చింపిన తలుపు మేకుని కూడా తిట్టగలను. తిట్టాక హాయిగా ఉంటుంది, ఆకలి కూడా బాగా వేస్తుంది. మా ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర ట్యాక్సీ నడుపుతాడు. ఇంట్లో నా చేత తిట్లు తిని బయల్దేరితే, ఆ రోజు ఎవరేమన్నా ఒంటికి తగలదని ఆయనే చెప్తాడు.

ఒంటిగంటకు బొమ్మ పోతే ఏమైందని అడగొచ్చు. చాలా అయింది. ఆ వేళకి ఒక ఛానల్లో అత్తాకోడళ్ళ ఆటల ప్రోగ్రాం వస్తుంది. రోజుకో జంట. ఒకరి కళ్ళకు గంతలు కట్టి ఇంకొకరికి అన్నం తినిపించమంటారు, బిందెలతో పరుగులు పెట్టిస్తారు, ఒకరి గుట్టు ఒకరి చేత చెప్పిస్తారు. అన్నం తిని, ఒక చాప మీద అత్తా నేనూ చెరో పక్క కూర్చుని, వచ్చిన అత్తని ఆమె, వచ్చిన కోడల్ని నేను వెక్కిరించుకుంటూ చూసేవాళ్ళం. రోజు మొత్తంలో మా ఇద్దరికీ బాగా ఇష్టమైన గంట అదే. మార్చి చివరిలో ఒకనాడు, ఒక కోడలు అత్తకి జడ వేస్తుండగా, బొమ్మ మొత్తం చీమలు పారినట్టయి గుయ్యిమంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ముందుగా అత్త వైద్యం చేసింది. టీవీ నెత్తి మీద రెండు దెబ్బలు, డొక్కలో ఒకటి. పలకలేదు. తర్వాత రిమోట్ తీసుకుని ఏదో మీట నొక్కింది. టీవీ తనంతట తను మొదటి నుంచి ఛానళ్ళు వెతుక్కుని, అన్నిటినీ కలగాపులగం చేసి పెట్టింది. మర్నాడు పొద్దున్నే సుప్రభాతం కోసం అలవాటు నంబరు నొక్కితే, చాలీచాలని బట్టలేసుకున్న అమ్మాయిలు నడుముకి చేతులు పెట్టుకుని నడిచి వచ్చారు. అత్త దండం పెట్టబోయిన చేతులు అలాగే ఉంచి, "అయ్యో, బట్టలు సాల్తలేవు గీ పోరిలకు" అని జాలిపడింది.

నాకు లోపల కుతకుతమంది. ఛానళ్ళన్నీ మళ్ళీ వరసలో పెట్టడానికి పూటంతా పట్టింది. కానీ అత్తతో, "పోనీలెండి అత్తమ్మా, మీరు కూర్చోండి, నేను చూస్తాలెండి" అన్నాను. అప్పగింతలనాడు మా అమ్మ నా చెవి మెలిపెట్టి చెప్పింది, ఊరందరినీ ఏమన్నా అను గానీ అత్తను ఒక్క మాట అన్నావంటే మళ్ళీ బుద్వేల్ గడప తొక్కనివ్వనని. ఆ చెవి ఇప్పటికీ ఎర్రగా ఉన్నట్టే ఉంటుంది నాకు. అందుకని ఆ సాయంత్రం ఎజాజ్ దొరికాడు.

ఎజాజ్ మా కేబుల్ మనిషి. శంషాబాద్ నుంచి మోపెడ్ మీద, భుజాన వైరు చుట్టతో, నాలుగూళ్ళ లైన్లు ఒక్కడే చూసుకుంటాడు. మా ఊరి వైపు వచ్చేసరికి ఎప్పుడూ సాయంత్రం ఆరవుతుంది. ఆరింటికి మా టీవీ అద్దంలా ఉంటుంది.

"ఏంది అక్కా, సిగ్నల్ మస్తుంది కదా!"

"ఇప్పుడుంటది! ఒంటిగంటకేమైతది? నువ్వొచ్చే టైముకు సిగ్నల్ నీకు స్వాగతం చెప్తదా? తీగె లాగుమంటే బట్టలారేసే దండెం కట్టినట్టు కట్టినవ్. నీ లైనుకన్న మా గేటుకున్న గొళ్ళెం నయం, చప్పుడన్న చేస్తది!"

"జర మెల్లగ అక్కా, బీపీ పెరుగుతది."

"నాకు కాదు, నీకు పెర్గుతది!"

అలా ఛానళ్ళ కలగాపులగం తాలూకు కోపం మొత్తం అతని మీద దింపేసి, నేను వెళ్ళి రెండు చపాతీలు ఎక్కువ తిన్నాను.

ఏప్రిల్ మొదట్లో మా ఆయన రంగంలోకి దిగాడు. టీవీ వెనకాల పిన్ను పీకి, వైరు కొస బ్లేడుతో గీకి, రాగి తీగను కొత్తగా మెలిపెట్టి నల్ల టేపు చుట్టాడు. మర్నాడు ఒంటిగంటకు బొమ్మ ఉంది! ఆ మర్నాడూ ఉంది. రెండు వారాల పాటు ఉంది. ఆ రెండు వారాలూ మా ఆయన నడక మారిపోయింది. పక్కింటి వాళ్ళ మోటారు కూడా నేను చూస్తానన్నాడు. సరిగ్గా రెండు వారాలయ్యాక, ఒక ఆదివారం, ఒంటిగంటకు చీమలు తిరిగొచ్చాయి. పక్కింటి వాళ్ళ మోటారు బతికిపోయింది.

అప్పుడు అత్త శాస్త్రీయంగా పోదామంది. అంటే, నన్ను ఎండలో మిద్దె ఎక్కించి, ఏ విమానం ఎన్నింటికి మన నెత్తి మీద నుంచి పోతుందో క్యాలెండర్ వెనకాల రాయమంది. రాశాను. వారం రోజులు, తల మీద తడి తువ్వాల వేసుకుని రాశాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా విమానాలు పోతూనే ఉన్నాయి, బొమ్మ మాత్రం ఒంటిగంటకే పోతోంది. అదే చెప్పాను. అత్త ఆ లెక్కంతా సావకాశంగా విని, "అయితే ఇగ పక్కా. ఒంటిగంటదే దొంగది. కడ్మయి మంచియి" అంది.

"అంతేనేమో అత్తమ్మా" అని కిందికి దిగి, అప్పుడే వచ్చిన పాలవాణ్ని వాడి ఏడు తరాలు ఉలిక్కిపడేలా తిట్టాను.

మే నెల మొదటి రోజు అత్త టీవీ ముందు నిమ్మకాయ, ఏడు మిరపకాయలు దారానికి గుచ్చి కట్టింది. ఆ రోజే బొమ్మ వచ్చింది! రెండు వారాలు నిలబడింది కూడా. అత్త వీధిలో అందరికీ చెప్పుకుంది. ఎజాజ్‌కి కూడా ఒక నిమ్మకాయ ఇచ్చి, మీ ఆఫీసులో కట్టుకోమంది. అతను జేబులో వేసుకుని షర్బత్ చేసుకున్నాడట.

ఇదంతా ఒక ఎత్తు. అసలు సంగతి వేరే ఉంది. ఏప్రిల్ చివర్లో మేమిద్దరం ఆ ప్రోగ్రాంకే వెళ్ళాం.

అవును, ఆ అత్తాకోడళ్ళ ప్రోగ్రాంకే. అత్త టీవీలో పడే నంబరు కంఠతా పట్టి మా ఆయన చేత ఫోన్ల మీద ఫోన్లు చేయించింది. పిలిచారు. సిటీలో స్టూడియోకి పోయాం. మొహాలకి ఏవో పూశారు. మొదటి ఆట గంతలు కట్టుకుని అన్నం తినిపించడం. నేను అత్త ముక్కులో పప్పు పెట్టాను. రెండో ఆట బిందెల పరుగు. అత్త గెలిచింది, అరవయ్యేళ్ళ మనిషి, చీర దోపుకుని లేడిలా ఉరికింది. మూడోది చెవుల ఆట. కోడలి చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వినిపిస్తారు. అప్పుడు అత్తని ఒక ప్రశ్న అడుగుతారు, "మీ కోడలిలో మీకు అస్సలు నచ్చనిదేంటి?" అని. కోడలికి వినపడదు. టీవీలో వచ్చినప్పుడే వింటుంది. అదీ అందులో మజా.

మజా చూసేవాళ్ళకి. నేను చెవుల్లో పాట మోగుతుంటే తల ఊపుతూ, అత్త పెదాలు కదలడం చూశాను. చాలాసేపు మాట్లాడింది. చేతులు తిప్పింది. నావైపు వేలు పెట్టి చూపించింది. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఏమందో, వాళ్ళలో ఒక పెద్దావిడ పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ పెద్దావిడ మొహమే చూస్తూ తల ఊపాను.

దార్లో అడిగాను. "టీవీల సూడు" అంది అత్త. ఇంటికొచ్చి కాళ్ళు పడుతూ అడిగాను. "టీవీల సూడు" అంది. మామిడికాయ పప్పు చేసి పెట్టి అడిగాను. పప్పు మొత్తం తిని, "టీవీల సూడు" అంది.

చెప్పేస్తాను, దాచడమెందుకు. పెళ్ళయి నాలుగేళ్ళయినా మాకు పిల్లల్లేరు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అత్త ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు భయం. లోపల ఏం పెట్టుకుందో, అంతమంది ముందు మైకు దొరికేసరికి అది బయటపడిందేమో, ఆ పెద్దావిడ అందుకే కళ్ళు తుడుచుకుందేమో అని రాత్రీ పగలూ అదే ఆలోచన. పోపులో ఆవాలు చిటపటమంటే ఉలిక్కిపడేదాన్ని. మా ఆయన్ని తిట్టడం కూడా తగ్గిపోయి, ఒంట్లో బాగాలేదా అని ఆయన కంగారుపడ్డాడు.

మే చివరి శనివారం ఒంటిగంటకు మా ప్రోగ్రాం వస్తుందని ఫోన్ వచ్చింది. ఒక్కసారే వేస్తారట. అత్త ఊరంతా చెప్పొచ్చింది. నిమ్మకాయ ఉంది కదా అని ధీమా. ఆ శనివారానికి దాదాపు రెండు వారాల ముందు, ఒక ఆదివారం ఒంటిగంటకు, నిమ్మకాయ వేలాడుతుండగానే బొమ్మ మళ్ళీ పోయింది.

ఆ రెండు వారాలు ఎజాజ్ ఎలా బతికాడో అతనికే తెలియాలి. నేను రోజూ ఫోన్ చేశాను. వైరు మార్చాడు. పిన్ను మార్చాడు. స్తంభం మీద జాయింటు మార్చాడు. సాయంత్రం మార్చిన ప్రతిదీ సాయంత్రం పనిచేసింది.

"అక్కా, కసం, ఒట్టేసి చెప్తున్న" అన్నాడు చివరికి. "శనివారం నేనే ఒంటిగంటకు వస్త. మీ టీవీ ముందల కూసుంట. నా కండ్ల ముందల పోతే, ఆడనే పట్టుకుంట దాన్ని. పరేషాన్ కాకుండ్రి."

శనివారం పన్నెండున్నరకే మా ఇల్లు నిండిపోయింది. మా వరస ఊరికి కొంచెం ఎడంగా ఉంటుంది. ఏడే ఇళ్ళు, అన్నీ ఒక దారం మీద గుచ్చినట్టు. మొదటి ఇల్లు కౌసల్యమ్మది, చివరిది మాది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం పూట ఎవరూ ఇళ్ళల్లో ఉండరు, అందరూ పొలాలకో ఎయిర్‌పోర్టు పనులకో పోతారు. ఆ రోజు పనులు మానుకుని మరీ వచ్చారు. అత్త స్టూడియోకి కట్టుకెళ్ళిన పట్టుచీరే కట్టుకుని, మొహాన పౌడరు దట్టించి, చూసేవాళ్ళు పోల్చుకోవడానికి వీలుగా టీవీ పక్కనే కుర్చీ వేసుకుంది. ఎజాజ్ టీవీకి రెండడుగుల దూరంలో బాసింపట్టు వేసుకుని, పిల్లి ఎలుక కన్నం దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ఒంటిగంటకి ఐదు నిమిషాలుంది. సబ్బు ప్రకటన వస్తోంది. సబ్బు నురగ చిమ్మింది, ఆ నురగ అలాగే చీమలైపోయింది. గుయ్యిమంది.

ఇల్లంతా ఒక్కసారి గొల్లుమంది. "పాయె! పాయె!" అని దుర్గవ్వ గుండెలు బాదుకుంది. ఆ గోలలోనే, రెండు నిమిషాలకి, కౌసల్యమ్మ చెమట తుడుచుకుంటూ గడప దాటింది.

"మా ఆయనకు అన్నం పెట్టి, పండవెట్టి వచ్చేటాల్లకు గీ యాళైంది. అయ్యో, అప్పుడే పోయిందా జంగక్కా? పైకెళ్ళి ఇప్పుడే ఒకటి పోయింది, నేను సూసిన."

"సూసినవా! నేను చెప్పలే?" అంది అత్త అందరి వైపూ తిరిగి.

ఎజాజ్ ఎవరి మాటా వినలేదు. పిన్ను చూశాడు, బాగుంది. బయటికి ఉరికి స్తంభమెక్కి జాయింటు చూశాడు, బాగుంది. దుర్గవ్వ ఇంటి తాళం తీయించి టీవీ పెట్టాడు. చీమలు. ఆ పక్కింట్లో, చీమలు. అతని వెనకాల నేను, నా వెనకాల పట్టుచీరతో అత్త, అత్త వెనకాల ముప్పై మంది. మే నెల ఎండ, చెప్పులు వేసుకోవడానికి కూడా ఎవరూ ఆగలేదు. నాలుగో ఇంటి దగ్గరికొచ్చేసరికి ఒంటిగంటా పది. మొదటి ఆట అయిపోయి ఉంటుంది. మూడో ఆట ఇంకో పావుగంటలో వస్తుంది. అది వినకపోతే నేను ఈ జన్మకి నిద్రపోలేను.

"ఎజాజ్! ఏమన్న చెయ్యయ్యా!"

ఎజాజ్ నడిరోడ్డు మీద ఆగిపోయాడు. నుదుటి మీద చెయ్యి వేసుకున్నాడు.

"అందరి ఇండ్లల్ల పోయిందంటే లైను కాదు అక్కా. డబ్బా! కౌసల్యమ్మ పిన్ని ఇంట్ల డబ్బా!"

ఇక్కడ డబ్బా సంగతి చెప్పాలి. పెద్దరోడ్డు నుంచి మా వరస దాకా కేబుల్ తీగ చేలల్లో పడి చాలా దూరం వస్తుంది. వచ్చేసరికి సిగ్నల్ సొమ్మసిల్లిపోతుంది. దానికి బలం ఇవ్వడానికి మొదటి ఇంట్లో, అంటే కౌసల్యమ్మ ఇంట్లో, గోడకి ఒక ఇనప డబ్బా బిగించి, వాళ్ళ కరెంటే పెట్టారు. అందుకు బదులుగా వాళ్ళకి కేబుల్ ఊరికే ఇస్తారు. అన్ని ఊళ్ళల్లోనూ కేబుల్ వాళ్ళు చేసే పనే అది. ఆ డబ్బా బతికుంటేనే వరసలో ఏడు టీవీలూ బతికుంటాయి.

ముప్పై మందిమీ కౌసల్యమ్మ ఇంటి మీద పడ్డాం. "మా ఆయన పండిండు! లేపకున్రి!" అని వెనక నుంచి ఆమె అరుస్తూనే ఉంది.

ముందుగదిలో మంచం. మంచం మీద కౌసల్యమ్మ భర్త చెన్నయ్య, లుంగీ మీద, నోరు తెరుచుకుని నిద్రలో ఉన్నాడు. ఆయన ఎయిర్‌పోర్టు పార్కింగులో కాపలా. రెండు వారాలు రాత్రి డ్యూటీ, రెండు వారాలు పగటి డ్యూటీ. రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో పొద్దున ఇంటికొచ్చి, కూరగాయల మడికి నీళ్ళు పెట్టి, అన్నం తిని, ఒంటిగంటకి పడుకుంటాడు. పగటి డ్యూటీ రోజుల్లో రాత్రిళ్ళు మిద్దె మీదే పడక, కూలర్‌తో పనే లేదు. ఆయన కాళ్ళ దగ్గర కూలర్ రైలింజన్‌లా మోగుతోంది. గోడ మీద బోర్డు. బోర్డుకి రెండే సాకెట్లు. ఒకదాంట్లో టీవీ పిన్ను. రెండోదాంట్లో కూలర్ పిన్ను. డబ్బా పిన్ను గోడ మీద తోకలా వేలాడుతోంది.

ఎజాజ్ వంగి ఆ పిన్ను చేతిలోకి తీసుకున్నాడు. కూలర్ మోతకి చెన్నయ్య గురక తోడైంది.

"ఎవరు పీకిన్రు పిన్నీ ఇది?" అన్నాడు ఎజాజ్. అతని గొంతులో ఏడుపుంది.

"నేనే" అంది కౌసల్యమ్మ, ఏ పాపమూ ఎరగని మొహంతో. "రోజు పీకుత. ఆయన పండుకునేటప్పుడు కూలర్ పెట్టాలె కద? లేసినంక మళ్ళ పెడ్త. టీవీ పిన్ను పీకితే టీవీ ఖరాబైతదంటిరి. గా డబ్బాకేముంది? బొమ్మ లేదాయె, పాట లేదాయె. ఉత్తగ గోడకుంటది." తర్వాత మా మొహాలు చూసింది. డబ్బా చూసింది. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. "అయ్యో నా తల్లీ! జంగక్కా, గా విమానం నేనేనా?"

అంతే. దుర్గవ్వ గోడకి ఆనుకుని కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. రెండు వారాలు పనిచేసిన మా ఆయన టేపూ, రెండు వారాలు పనిచేసిన అత్త నిమ్మకాయా, నేను మిద్దె మీద మాడుతూ రాసిన విమానాల లెక్కా, అంతా చెన్నయ్య డ్యూటీ చార్టు! ఎజాజ్ మాత్రం నవ్వలేదు. రెండు నెలల తిట్లు గుర్తొచ్చి కాబోలు, తడి కళ్ళతో కూలర్ పిన్ను పీకి డబ్బా పిన్ను గుచ్చాడు. డబ్బా మీద పచ్చ దీపం వెలిగింది. టీవీ పెట్టాడు.

టీవీ నిండా మా అత్త! బిందె చంకన పెట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి ఉరుకుతోంది.

ఈలలు, చప్పట్లు, గంతులు. మా ఇంటికి తిరిగి పోయే టైం లేదు. ఎక్కడి వాళ్ళు అక్కడే కూలబడ్డారు, కింద, గడప మీద, మంచం పట్టెల మీద. కూలర్ ఆగేసరికి చెన్నయ్యకి చెమట పట్టింది. కళ్ళు తెరిచాడు. చుట్టూ ముప్పై మంది ఆడామగా, తన మంచం చుట్టూ.

"ఏమైందే కౌసల్యా? నేనే సచ్చిన్నా ఏంది?"

"సావలే, పండు! టీవీ సూస్తున్నం!" అని ముగ్గురు ఆడవాళ్ళు తలో వైపు నుంచి కొంగులతో, చేటతో ఆయనకి విసరడం మొదలుపెట్టారు. ఆయన కాసేపు చూసి, సుఖంగానే ఉందని కాబోలు, మళ్ళీ వాలిపోయాడు.

ప్రకటనలు వచ్చాయి. అంత పొడుగు ప్రకటనలు నేను ఈ జన్మలో చూడలేదు. తర్వాత తెర మీద నేను, చెవులకి హెడ్‌ఫోన్లతో, పాటకి తల ఊపుతూ నవ్వుతున్నాను. అత్త వైపు చూశాను. ఆమె నావైపు చూడలేదు, పైట కొస వేలికి చుట్టుకుంటోంది.

"జంగమ్మ గారూ, ఇప్పుడు మీ కోడలికి ఏమీ వినపడదు" అంది యాంకరమ్మాయి. "ధైర్యంగా చెప్పండి. శ్రీలత గారిలో మీకు అస్సలు నచ్చని విషయం ఏంటి?"

తెర మీద అత్త గొంతు సవరించుకుంది.

"చెప్పాల్నా? చెప్త. మా శ్రీలతకు నోరెక్కువ. పాలోన్ని తిడ్తది. గ్యాసోన్ని తిడ్తది. కేబుల్ పిలగాన్నయితే పాపం ఏడ్పిస్తది. నా కొడుకును పొద్దుగాల లేస్తెనే తిడ్తది. మస్తు తిడ్తది, వింటాంటే నాకు మంచిగనిపిస్తది."

స్టూడియోలో ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. కౌసల్యమ్మ ఇంట్లో కూడా నవ్వారు.

"మరి అదే నచ్చలేదా మీకు?"

"గది కాదు బిడ్డా. అందరిని తిడ్తది, నన్నొక్కదాన్నే తిట్టదు. నాలుగేండ్లాయె. నేనెంత ఆగం చేసినా 'అత్తమ్మా మీరు కూసోన్రి, అత్తమ్మా మీరు తిన్రి' అంటది. సుట్టాలొస్తె అంటరు సూడు, గట్ల. నేనేమన్న ఆ ఇంటికి సుట్టాన్నా? తన మనుషులనుకున్నోళ్ళనే కద తిడ్తది. నన్ను ఇంక అనుకోలేదు కావచ్చు. గదొక్కటి నాకు నచ్చలే."

తెర మీద ఆ పెద్దావిడ పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది. తెర మీద నేను, ఏమీ తెలియని దద్దమ్మలా, తల ఊపుతూనే ఉన్నాను.

చెన్నయ్యకి విసురుతున్న చేట ఆగిపోయింది. అందరూ నావైపే చూస్తున్నారు. నెల రోజులుగా నేనేం భయపడ్డాను, ఈమె ఏం చెప్పింది! సంతోషమొచ్చింది, సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ మూడూ కలిసి కోపమై నోట్లోకి వచ్చేశాయి. మా అమ్మ మెలిపెట్టిన చెవి సంగతి ఆ క్షణంలో గుర్తే లేదు.

"ఓ అత్తా!" అన్నాను. అందరూ అదిరిపడ్డారు. "నీకు జరంతన్న బుద్ధున్నదా? గీ మాట ఇంట్ల చెప్తే నోరు అరుగుతదా? నెల రోజులసంది కడుపుల నిప్పులు పోస్కొని సస్తున్న నేను! నా మామిడికాయ పప్పు తింటివి, నా తోని కాళ్ళు పట్టించుకుంటివి, టీవీల సూడు, టీవీల సూడు అంటివి! విమానాల లెక్క రాయమని వారం రోజులు మిద్దె మీద మాడ్చినవ్ నన్ను, వడియమనుకున్నవా? రిమోట్ పట్టకు అంటే పడ్తవ్! పచ్చడి తినకు, బీపీ ఉంది అంటే దొంగతనంగ తిని పిల్లి మీద పెడ్తవ్, మనింట్ల పిల్లే లేదు! నిన్ను తిట్టాల్నంటే నాకు నాలుగేండ్లు సాల్తయా? నలభై ఏండ్లు కావాలె!"

అత్త నోరు తెరుచుకుని వింటోంది. పౌడరు మీద నుంచి కన్నీళ్ళు రెండు గీతలు గీశాయి. నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ అర్థం కాలేదు. చటుక్కున లేచొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గంత మందిల తిడ్తవానే? ఇంటికి నడువు, నీ సంగతి చెప్త!" అంది, మొహం వెలిగిపోతూ.

తలుపు దగ్గర ఎజాజ్ రెండు చేతులూ పైకెత్తి అల్లాకి షుక్రియా చెప్పుకుంటున్నాడు. చెన్నయ్య ఇక నాకు కూలర్ ఇప్పించండి అన్నాడు. మేమిద్దరం చెప్పుల్లేని కాళ్ళతో ఆ ఎండలో మా ఇంటి వైపు నడిచాం. నేను తిడుతూనే ఉన్నాను. తలుపు గొళ్ళెం పెట్టకపోవడం గురించి, పాలగిన్నె మూత గురించి, నాలుగేళ్ళ నుంచి దాచిపెట్టినవన్నీ ఒక్కొక్కటే తీశాను. అత్త నా చెయ్యి వదలకుండా ఊఁ కొడుతోంది. దుర్గవ్వ ఇంటి ముందుకి వచ్చేసరికి నాకు ఆయాసం వచ్చి ఆగాను.

అత్త కూడా ఆగి, దిగులుగా నా మొహంలోకి చూసింది. "అయిపోయినయా?"

"అయిపోలే" అన్నాను. "దమ్ము తీస్కుంటున్న."